లాగిన్ కాలేదంటే వాడట్లేదనేనా? ఒక మెయిల్ సర్వర్ కేసు

నేపథ్యం

ఒక విద్యాసంస్థల గ్రూపు. ఆంధ్రలో కొన్ని కాలేజీలు, తెలంగాణలో కొన్ని. అన్నిటికీ కలిపి ఒకే మెయిల్ సర్వర్. ఖాతాలు రెండు వేలకు కాస్త అటూ ఇటూ. ఎవరో గుర్తు పట్టకూడదని ఊళ్ళ పేర్లు తీసేశాను, అంకెల్ని కొంచెం కదిపాను. సాంకేతికంగా జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను, నా తప్పులతో సహా.

సర్వర్ లైనక్స్ మీద నడుస్తుంది. మెయిల్ పుచ్చుకోవడం, పంపడం పోస్ట్‌ఫిక్స్ పని. పెట్టె తెరిచి చూపించడం, అంటే ఐమ్యాప్ (ఉత్తరాలు సర్వర్‌లోనే ఉంచి చూపించే పద్ధతి), పాప్ (కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతి) రెండూ డవ్‌కాట్ పని. అది 2.3 శ్రేణి. ఖాతాల పట్టిక మరియాడీబీ అనే డేటాబేస్‌లో ఉంది. వెబ్‌మెయిల్‌కి, అంటే బ్రౌజరులో మెయిల్ చూడ్డానికి, రౌండ్‌క్యూబ్. ఉత్తరాలు మెయిల్‌డిర్ పద్ధతిలో దాచుకుంటుంది, ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు. ఎవరో ఎప్పుడో కట్టిన ఇల్లు. నేను ఏడాది కాంట్రాక్టు మీద చూసుకుంటున్నాను.

వచ్చిన సమస్య

ఒకే వారంలో రెండు జరిగాయి. డిస్క్ నిండబోతోందని హెచ్చరిక వచ్చింది. అది కొత్తేమీ కాదు. రెండోది మాత్రం అందర్నీ నిద్ర లేపింది. ఎప్పుడో మానేసిన ఒక లెక్చరర్ ఖాతా పాస్‌వర్డ్ ఎవరి చేతికో చిక్కి, ఒక శనివారం రాత్రంతా అందులోంచి స్పామ్ పోయింది. ఆదివారం పొద్దునకి మా సర్వర్ ఐపీ చిరునామా స్పామ్ పంపేవాళ్ళ బ్లాక్‌లిస్టులో ఉంది. అడ్మిషన్ల కాలం. తల్లిదండ్రులకి పోవలసిన ఉత్తరాలు ఒక్కటీ పోవడం లేదు.

యాజమాన్యం నుంచి ఒకటే మాట: "వాడని ఖాతాలన్నీ తీసెయ్యండి."

ఏవి వాడనివి? హెచ్‌ఆర్ దగ్గర మానేసినవాళ్ళ జాబితా ఉంది కానీ అది ఒక కాలేజీలో ఎక్సెల్, ఇంకో కాలేజీలో రిజిస్టరు, మూడో చోట గుమాస్తా జ్ఞాపకం. పైగా పరీక్షల విభాగం, లైబ్రరీ, హాస్టల్ లాంటి ఉమ్మడి ఖాతాలకి యజమాని అంటూ ఎవరూ ఉండరు. కాబట్టి ప్రశ్న తిరిగి నా దగ్గరికే వచ్చింది: ఎవరు చివరిసారి ఎప్పుడు లాగిన్ అయ్యారో చెప్పు.

చెప్పలేకపోయాను. ప్రత్యేకంగా అడిగితే తప్ప డవ్‌కాట్ ఆ సంగతి ఎక్కడా నిలవ ఉంచదు. లాగ్‌లో, అంటే జరిగినవన్నీ రాసుకునే ఫైల్లో, ఒక వాక్యం రాసి ఊరుకుంటుంది.

ఉన్నదాంతో సరిపెట్టబోయాం

సరే, లాగ్‌నే తవ్వుదాం అనుకున్నాం. "ఐమ్యాప్ లాగిన్" అని మొదలయ్యే ప్రతి వాక్యంలో వాడుకరి పేరు, ఎక్కడి నుంచి వచ్చాడు, టీఎల్ఎస్ (కనెక్షన్‌కి గుప్తలిపి రక్షణ) ఉందా లేదా అన్నీ ఉంటాయి. కానీ లాగ్‌రొటేట్ వారానికోసారి ఫైలు మార్చి, నాలుగు వారాలవి మాత్రమే ఉంచుతోంది. నెల రోజుల సాక్ష్యంతో ఖాతా తీసేస్తే వేసవి సెలవుల్లో ఉన్న లెక్చరర్లు సగం మంది పోతారు.

మా కుర్రాడు ఇంకో ఉపాయం చెప్పాడు. "అన్నా, పెట్టెలో ఫైళ్ళ తేదీలు చూద్దాం. ఆర్నెల్లుగా ఏ ఫైలూ మారకపోతే ఎవరూ వాడనట్టేగా?" చూశాం. ఒక్క పెట్టె కూడా పాతగా కనిపించలేదు. కారణం తేలిక: ఉత్తరం వచ్చి పడినప్పుడల్లా డవ్‌కాట్ సూచిక ఫైళ్ళు మారతాయి. మనిషి లేకపోయినా బ్యాంకు ప్రకటనలు, సెమినార్ ఆహ్వానాలు వస్తూనే ఉంటాయి కదా. తాళం వేసిన ఇంటికి కూడా పేపరు పడుతూనే ఉంటుంది.

కానీ ఆ వెతుకులాటలో ఒక పనికొచ్చే ఆనవాలు దొరికింది. మెయిల్‌డిర్‌లో వచ్చిన ఉత్తరం మొదట 'న్యూ' అనే ఫోల్డరులో పడుతుంది. ఎవరైనా పెట్టె తెరిచినప్పుడే అది 'కర్' అనే ఫోల్డరులోకి మారుతుంది. చదవనక్కర్లేదు, పెట్టె తెరిస్తే చాలు. అంటే ఇన్‌బాక్స్ 'న్యూ'లో ఎనిమిది నెలల నాటి ఫైలు ఉందంటే, ఎనిమిది నెలలుగా ఆ పెట్టె ఎవరూ తెరవలేదన్నమాట. ఉత్తరాలే రాని ఖాతా గురించి ఇది ఏమీ చెప్పదు, కాబట్టి దీని మీదే నిర్ణయం తీసుకోలేం. కానీ పక్కన పెట్టుకున్నాను. తర్వాత అక్కరకొచ్చింది.

నేను చేసిన మొదటి పొరపాటు

ఇక నుంచైనా రాసుకుందాం అనుకున్నాం. డవ్‌కాట్‌లో లాగిన్ అయిన వెంటనే ఒక స్క్రిప్టు నడిపే వీలుంది. నాకు షెల్ స్క్రిప్టు చేతి కింద పని. పది లైన్లు: వాడుకరి పేరు తీసుకో, డేటాబేస్‌తో మాట్లాడే మైఎస్క్యూఎల్ క్లయింటుతో పట్టికలో ఇప్పటి సమయం రాయి, తర్వాత అసలు ఐమ్యాప్ ప్రోగ్రాముకి పగ్గాలు అప్పజెప్పు. సాయంత్రం పెట్టాను, బాగా నడిచింది. ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాను.

రాత్రిపూట నడవనిదేముంది? మర్నాడు తొమ్మిదిన్నరకి ఫోన్లు మొదలయ్యాయి. మెయిల్ తెరుచుకోవడం లేదు.

రౌండ్‌క్యూబ్ సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. అది ఒక మనిషికి ఒక లాగిన్ అన్నట్టు పని చెయ్యదు. బ్రౌజరులో ప్రతి క్లిక్కుకీ ఐమ్యాప్‌కి కొత్తగా లాగిన్ అవుతుంది. ఎవరూ ముట్టుకోకపోయినా, ట్యాబ్ తెరిచి ఉంటే మామూలు సెట్టింగులో 60 సెకన్లకోసారి కొత్త మెయిల్ కోసం చూస్తుంది. అదీ ఒక లాగినే. ఒక్కో కాలేజీ ఆఫీసులో ఇరవై ట్యాబులు పొద్దున్నించి సాయంత్రం దాకా తెరిచే ఉంటాయి. ప్రతి లాగిన్‌కీ ఒక షెల్, ఒక డేటాబేస్ క్లయింటు, ఒక కొత్త కనెక్షను. డేటాబేస్ కనెక్షన్ల పరిమితి దాటింది. ఆ పరిమితి దాటితే పాస్‌వర్డ్ సరిచూడ్డానికి కూడా డవ్‌కాట్‌కి డేటాబేస్ దొరకదు. స్క్రిప్టు ముగిస్తే గానీ పెట్టె తెరుచుకోదు కాబట్టి, లోపలికి వచ్చినవాళ్ళు కూడా గుమ్మంలోనే నిలబడ్డారు.

స్క్రిప్టు తీసేశాను, ఐదు నిమిషాల్లో అంతా సర్దుకుంది. అప్పటి నుంచి ఒక షరతు రాసి పెట్టుకున్నాం: హాజరు రాసేవాడు నిద్రపోయినా తలుపు తెరుచుకోవాలి. రాత విఫలమైతే లాగ్‌లో ఫిర్యాదు రాసుకో, అంతే తప్ప మనిషిని ఆపకు.

ప్లగిన్, దానితో నాలుగు తిప్పలు

ఆ షరతుకి సరిపోయేది డవ్‌కాట్‌లోనే ఉంది. 'లాస్ట్ లాగిన్' అనే చిన్న ప్లగిన్ (తగిలించుకునే అదనపు భాగం), 2.2.14 నుంచి వస్తోంది. సెషన్ మొదలైనప్పుడు ఒక తాళంచెవి లాంటి పేరు కింద అప్పటి సమయాన్ని రాస్తుంది. ఐమ్యాప్ ప్రక్రియ తానే డేటాబేస్‌కి పోదు. 'డిక్ట్' అనే మరో సేవకి సాకెట్ (ప్రోగ్రాములు మాట్లాడుకునే దారి) ద్వారా చెబితే, అది తన దగ్గర తెరిచి ఉంచుకున్న కనెక్షను మీదుగా రాస్తుంది. లాగిన్ ఆ రాత కోసం కాచుకుని కూర్చోదు. మాకు కావలసింది అదే.

సమయం ఎక్కడ రాయాలి? ఖాతాల పట్టికలోనే ఒక కాలమ్ పెంచితే పని తేలిక, రిపోర్టు తీయడమూ తేలిక. ఒప్పుకోలేదు నేను. ఆ పట్టికలో పాస్‌వర్డ్ హ్యాష్‌లు (పోల్చుకోలేని రూపంలోకి మార్చిన పాస్‌వర్డ్‌లు) ఉన్నాయి. డవ్‌కాట్ వాడే డేటాబేస్ వాడుకరికి దాని మీద చదివే హక్కు మాత్రమే ఉంది. ఒక గడియారం కోసం రాసే హక్కు ఇవ్వడం దేనికి? పైగా ఈ డిక్ట్ రాత 'వరస ఉంటే మార్చు, లేకపోతే చేర్చు' అనే తరహాది. ఖాతాల పట్టిక మీద ఎక్కడైనా పేరు తేడా వస్తే, లేని ఖాతా ఒకటి పుట్టుకొస్తుంది. కాబట్టి వేరే పట్టిక, దానికి వేరే డేటాబేస్ వాడుకరి, హక్కులు ఆ ఒక్క పట్టిక మీదే. వాడుకరి పేరు, డొమైన్ రెండూ కలిసి ప్రాథమిక కీ, అంటే ఒక్కో వరసని విడిగా గుర్తించేది. ఆ కీ మరిచిపోతే పాత వరస మారదు, లాగిన్‌కొకటి చొప్పున కొత్త వరసలు పేరుకుంటాయి.

మొదటి తిప్ప అందరికీ ఎదురయ్యేదే: డిక్ట్ సాకెట్‌కి అనుమతి లేదని లాగ్‌లో ఎర్రర్. ఐమ్యాప్ ప్రక్రియలు నడిచే గ్రూపుకి ఆ సాకెట్ మీద 0660 (యజమానికీ గ్రూపుకీ మాత్రమే చదివే, రాసే అనుమతి) ఇస్తే పోయింది. దాన్ని 0666 (అందరికీ అనుమతి) చేసి చేతులు దులుపుకునేవాళ్ళని చూశాను. వద్దు.

రెండోది: నేను కాలమ్‌ని తేదీ రకంగా పెట్టాను. ప్లగిన్ రాసేది 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు, పది అంకెల సంఖ్య. డేటాబేస్ దాన్ని తేదీగా చదవలేక తిప్పికొట్టింది. కాలమ్‌ని సంఖ్యగా మార్చాం.

మూడోది కాస్త నవ్వు తెప్పించింది. మొదటి రిపోర్టు చూసి మా కుర్రాడు, "ఏందన్నా, ఈ కాలేజోళ్ళంతా తెల్లారుజామున మూడున్నరకే లేస్తున్నరా?" అన్నాడు. సర్వర్ గడియారం యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంది. మన తొమ్మిది గంటలు దానికి మూడున్నర. నిలవ ఉన్న సంఖ్యని ముట్టుకోకుండా, రిపోర్టు తీసేటప్పుడు మాత్రం ఐదున్నర గంటలు కలిపేలా సెషన్ కాలమండలం మార్చాం.

నాలుగోది నవ్వొచ్చేది కాదు. రెండు రోజుల తర్వాత చూస్తే దాదాపు అన్ని ఖాతాలూ 'ఈరోజు లాగిన్' అని చూపిస్తున్నాయి, స్పామ్ పంపిన ఆ పాత లెక్చరర్ ఖాతాతో సహా. దాని పాస్‌వర్డ్ అప్పటికే మార్చేశాం, ఎవరూ రాలేరు. అరగంట తల పట్టుకున్నాక తెలిసింది: ప్లగిన్ పేరుని ఐమ్యాప్, పాప్ విభాగాల్లో కాకుండా పైన అందరికీ వర్తించే చోట చేర్చాను. దాంతో ఉత్తరాన్ని పెట్టెలో వేసే ఎల్ఎమ్‌టీపీ కూడా ఆ ప్లగిన్‌ని ఎక్కించుకుంది. ఉత్తరం పడిన ప్రతిసారీ 'లాగిన్' అయినట్టే రాసింది. ఫైళ్ళ తేదీల దగ్గర పడిన గోతిలోనే ఇంకో దారిన వచ్చి మళ్ళీ పడ్డాను.

ప్లగిన్‌ని సరైన విభాగాల్లోకి మార్చి, అప్పటిదాకా రాసిందంతా చెరిపేశాం. అదే ఊపులో తాళంచెవిని కూడా మార్చాం. మామూలుగా అందులో వాడుకరి పేరు ఒక్కటే ఉంటుంది. మేం ముందు సేవ పేరు, తర్వాత వాడుకరి, డొమైన్ వచ్చేలా పెట్టి, ఐమ్యాప్‌కి ఒక కాలమ్, పాప్‌కి ఒక కాలమ్ ఇచ్చాం. ఈ విడదీత అప్పుడు అనవసర చాదస్తం అనిపించింది. కేసు చివర్లో అదే దారి చూపించింది. ఇక్కడొక మాట: డవ్‌కాట్ 2.4లో సెట్టింగులు రాసే పద్ధతే మారిపోయింది, 2.3 నాటి లైన్లు అక్కడ అతికిస్తే పని చెయ్యవు.

ఎన్నాళ్ళు ఆగాలి

యాజమాన్యం 90 రోజులు చాలంది. నేను కాదన్నాను. ప్రసూతి సెలవు 2017 సవరణ తర్వాత 26 వారాల దాకా ఉంది, అంటే 182 రోజులు. సెలవు ముగించుకుని వచ్చిన ఆవిడకి ఖాతా లేదని చెప్పేది ఎవరు? చివరికి ఏడు నెలల దగ్గర ఒప్పుకున్నారు. ఈలోగా 'న్యూ' ఫోల్డరు ఆనవాలు, హెచ్‌ఆర్ జాబితా రెండూ కలిసి రూఢి చేసిన ఖాతాల్ని మాత్రం ముందే ఆపేయొచ్చని అనుకున్నాం. డిస్క్ అన్నాళ్ళు ఆగదు కదా.

ఈ మధ్యలోనే హెచ్‌ఆర్ నుంచి ఒక కోరిక వచ్చింది: ఈ పట్టికని హాజరుకి వాడుకోవచ్చా? కుదరదన్నాను. తెరిచి వదిలేసిన ట్యాబ్ నిమిషానికోసారి లాగిన్ అవుతుంది, కుర్చీ ఖాళీగా ఉన్నా. మరోపక్క, డెస్క్‌టాప్‌లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాము పొద్దున ఒకసారి లాగిన్ అయి ఐడిల్ పద్ధతిలో అదే కనెక్షన్‌ని పట్టుకుని ఉండొచ్చు. యంత్రం ఆపకపోతే రోజుల తరబడి. అక్కడ మనిషి పని చేస్తూనే ఉంటాడు, కాలమ్‌లో మాత్రం పాత తేదీ ఉంటుంది. ఏడు నెలల లెక్కకి ఈ తేడాలు పట్టవు, రోజువారీ లెక్కకి పనికే రావు. అడిగారు కాబట్టి ఇంకో సంగతి కూడా తేల్చుకున్నాం: సమయం తప్ప ఐపీ, పరికరం, ఏదీ ఈ పట్టికలో రాయకూడదు.

ఆపేసిన సోమవారం

ముందే ఆపదగ్గ జాబితా సిద్ధమైంది. పట్టికలో వరసే లేని ఖాతాల్ని కూడా కలిపాం. ఇది చాలామంది మరిచిపోయే చోటు. పట్టికలో ఉండేది ఒక్కసారైనా లాగిన్ అయినవాళ్ళే. 'ఫలానా తేదీ కంటే పాతవి చూపించు' అని అడిగితే, ఎప్పుడూ రానివాళ్ళు అసలు కనబడరు. మనకి కావలసింది సరిగ్గా వాళ్ళే. ఖాతాల పట్టిక నుంచి మొదలుపెట్టి లాగిన్ పట్టికని ఎడమ జాయిన్‌తో (లెఫ్ట్ జాయిన్: రెండో పట్టికలో లేకపోయినా మొదటిదాని వరసలన్నీ ఉంచేది) కలపాలి.

శనివారం సాయంత్రం ఆపేశాం. సోమవారం పదింటికి అకౌంట్స్ మేడమ్ ఫోన్: "బాబూ, ఫీజు రసీదులు ఒక్కళ్ళకీ పోవట్లేదు. పేరెంట్సు కౌంటరు దగ్గర గొడవ చేస్తున్నారు."

ఫీజుల సాఫ్ట్‌వేర్‌కి సొంత ఖాతా ఒకటుంది. అది రోజుకి వందల రసీదులు పంపుతుంది కానీ ఎన్నడూ పెట్టె తెరవదు. 'న్యూ' ఫోల్డరు నిండా సంవత్సరాల నాటి బౌన్సు ఉత్తరాలు, అంటే చేరలేదని తిరిగొచ్చినవి. హెచ్‌ఆర్ జాబితాలో 'యజమాని: మానేశారు' అని ఉంది. లాగిన్ పట్టికలో వరస లేదు. నా ఆనవాళ్ళు మూడూ కలిసికట్టుగా ఆ ఖాతా చచ్చిపోయిందనే చెప్పాయి. ఆ సర్వర్‌లో దానికన్నా ఎక్కువ పని చేసే ఖాతా లేదు.

మెయిల్ పంపేటప్పుడు పోస్ట్‌ఫిక్స్ పాస్‌వర్డ్‌ని డవ్‌కాట్ చేతే సరిచూయిస్తుంది, నిజమే. కానీ అది పాస్‌వర్డ్ చూసే సేవతో అయిపోతుంది, పెట్టె తెరిచే ప్రక్రియ దాకా రాదు. ప్లగిన్ ఉండేది ఆ రెండో చోట. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. 'చివరి లాగిన్' అని కాలమ్‌కి పేరు పెట్టుకున్నాక, అందులో లేనివాడు లాగిన్ కాలేదనే నమ్మేశాను. ఆ పేరు నేను పెట్టిందే.

ఖాతా తిరిగి తెరిచాం. రసీదుల సాఫ్ట్‌వేర్ విఫలమైనవాటిని తనంతట తాను మళ్ళీ పంపదు. మేడమ్, ఇంకో ఇద్దరూ కూర్చుని సాయంత్రం దాకా చేత్తో పంపారు.

ఏది నిలబడింది

పంపడానికి మూడో కాలమ్ పెట్టాం. ఎలా నింపాలన్నది కొంచెం ఆలోచించాం. పోస్ట్‌ఫిక్స్‌కి ఒక పాలసీ సేవ (ఉత్తరాన్ని పోనివ్వాలో వద్దో చెప్పే ప్రోగ్రాము) తగిలిస్తే, లాగిన్ అయిన పేరు అప్పటికప్పుడు దానికి అందుతుంది. కానీ అది ఉత్తరం నడిచే దారిలో ఇంకో గేటు. అది పడిపోతే పంపడమే ఆగుతుంది. స్క్రిప్టు నేర్పిన పాఠం ఇంకా పచ్చిగానే ఉంది. ఏడు నెలల లెక్కకి ఒక రోజు ఆలస్యమైతే వచ్చే నష్టం ఏమీ లేదు. కాబట్టి రాత్రి ఒంటిగంటకి ఒక చిన్న ప్రోగ్రాము పోస్ట్‌ఫిక్స్ లాగ్ చదివి, పాస్‌వర్డ్‌తో వచ్చి పంపిన ప్రతి పేరుకీ ఆఖరి సమయం రాస్తుంది. లాగ్ మారే వేళకి ముందే అది నడిచేలా చూసుకున్నాం. అది ఒక రాత్రి నడవకపోతే నాకు మెయిల్ వస్తుంది.

ఇప్పుడు మూడు కాలమ్‌లలో అన్నిటికన్నా కొత్త తేదీయే లెక్క. ఖాళీగా ఉంటే 'ఎప్పుడూ రాలేదు' అని కాకుండా, 'మనం రాయడం మొదలుపెట్టిన తేదీ నుంచి రాలేదు' అని రిపోర్టులో ఆ తేదీతో సహా వస్తుంది. మాటలో తేడా చిన్నదే కానీ, యాజమాన్యం దాన్ని చదివే తీరు మారింది.

ఆపడం కూడా మెట్లుగా చేశాం. మొదట పాస్‌వర్డ్ పని చెయ్యదు, ఉత్తరాలు మాత్రం వచ్చి పడుతూనే ఉంటాయి. డవ్‌కాట్‌లో పాస్‌వర్డ్ అడిగే ప్రశ్న, పెట్టె ఎక్కడుందో అడిగే ప్రశ్న వేర్వేరు కాబట్టి ఇది తేలిక. నెల రోజులు ఎవరూ అడగకపోతే పెట్టెని పాత డిస్కుకి తరలిస్తాం. ఇక్కడ రెండు చిన్న చిక్కులు. మా దగ్గర పాస్‌వర్డ్ క్యాష్ (సరిచూసిన పాస్‌వర్డ్‌ని కాసేపు గుర్తుంచుకునేది) ఆన్‌లో ఉంది. ఆపిన ఖాతా గంటసేపు ఇంకా లోపలికి వస్తూనే ఉంది, క్యాష్ ఖాళీ చేస్తే గానీ ఆగలేదు. అప్పటికే లోపల ఉన్న సెషన్ అయితే దాని మానాన అది ఉంటుంది, డవ్‌అడ్మ్ కిక్ అనే ఆదేశంతో బయటికి పంపించాల్సిందే.

మళ్ళీ మొదటినుంచి చేస్తే, ఏ కాలమ్ పెట్టకముందే ఒక పని చేస్తాను. ఆ సర్వర్‌కి పాస్‌వర్డ్ చెప్పి లోపలికి వచ్చే దారులన్నీ కాగితం మీద రాస్తాను: ఐమ్యాప్, పాప్, పంపడం, వెబ్‌మెయిల్, ఏ పెట్టెనైనా తెరిచే అడ్మిన్ మాస్టర్ పాస్‌వర్డ్. ఒక్కో దారి ఎక్కడ నమోదవుతుందో పక్కన రాస్తాను. పక్కన ఖాళీ ఉన్నంతకాలం ఏ ఖాతానీ ఆపను. మాస్టర్ పాస్‌వర్డ్ ఎందుకంటారా? వేరే క్లయింటు దగ్గర ఐమ్యాప్‌సింక్ అనే ప్రోగ్రాముతో, ఆ పాస్‌వర్డ్ మీద పెట్టెలు తరలించినప్పుడు చూశాను. ఒకే రాత్రి అన్ని ఖాతాలూ లాగిన్ అయినట్టు నమోదయ్యాయి, పాత తేదీలన్నీ దాని కింద కొట్టుకుపోయాయి. తరలించేటప్పుడు ఆ పట్టికకి ముందే నకలు తీసుకోవాలి.

ఇంకా ఒకటి

ఏడు నెలలయ్యాక అసలు జాబితా తీశాం. దాన్ని హెచ్‌ఆర్ జాబితాతో పోలిస్తే ఒకటి ఎదురుతిరిగింది. రిటైరైన ఒక ల్యాబ్ అసిస్టెంట్ ఖాతా. ఐమ్యాప్ కాలమ్ ఖాళీ, పంపిన కాలమ్ ఖాళీ, పాప్ కాలమ్‌లో పది నిమిషాల కిందటి సమయం. మళ్ళీ చూశాం, మళ్ళీ పది నిమిషాల కిందటిది. ఆ ఒక్క కాలమ్ విడిగా లేకపోతే ఎవరో రోజూ వాడుతున్నారనుకుని వదిలేసేవాళ్ళం.

లాగ్‌లో ఐపీ పట్టుకుని వెళితే ఆ కాలేజీ ల్యాబ్ మూలన ఒక పాత డెస్క్‌టాప్ తేలింది. పొద్దున అటెండరు స్విచ్ వేస్తాడు, ఔట్‌లుక్ దానంతట అదే తెరుచుకుంటుంది, పది నిమిషాలకోసారి ఆయన ఉత్తరాలు దించుకుంటుంది. మానిటరు తీసి వేరే యంత్రానికి ఎప్పుడో తగిలించేశారు. విభాగాధిపతికి చెప్పి, ఆయన ఒప్పుకున్నాక పాస్‌వర్డ్ ఆపేశాం. ఎవరైనా అడుగుతారేమోనని నెల రోజులు చూశాం. ఫోన్ రాలేదు. లాగ్‌లో మాత్రం పది నిమిషాలకోసారి పాస్‌వర్డ్ తప్పని ఒక వాక్యం పడుతూనే ఉంది, సెలవు రోజుల్లో తప్ప.